బ్రహ్మచారి కొలిచిన సందు

బ్రహ్మచారి తమ్ముడు మధుసూదన్ ముంజేతి ఎముక విరిగిన చప్పుడు షెడ్డులో అందరికీ వినిపించింది. తుపాకీ మడమతో కొట్టినవాడు నాసర్, రజాకార్లలో చేరకముందు లారీ డ్రైవరు. కొట్టించినవాడు ఆ దళానికి నాయకుడు. అతన్ని అంతా సలార్ అనేవారు. అతను గొంతు పెంచలేదు.

"ఎల్లుండి పొద్దుగూకేలోపు కారు నడవాలె, చారీ. లేకుంటే తమ్ముని పీనుగను తీస్కపో."

అది 1948 సెప్టెంబరు పదమూడు, సోమవారం. ఆ తెల్లవారే భారత సైన్యం నిజాం రాజ్యపు సరిహద్దు దాటింది. సికింద్రాబాదు కార్ఖానా పేటలోని ఆ షెడ్డు మేస్త్రీ అల్లాఉద్దీన్‌ది. కారు ఎవరో జాగీర్దారు దగ్గర గుంజుకున్న అమెరికా బండి. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. ఇంజను తిరుగుతోంది, బండి కదలడం లేదు. అలాంటి గేరుబాక్సు విప్పి మళ్లీ బిగించగలవాడు ఆ చుట్టుపక్కల బ్రహ్మచారి ఒక్కడే. కంసాలి ఇంట పుట్టి, యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో చేరి, ట్యాంకుల గేరుబాక్సులు నాలుగేళ్లు బాగుచేశాడు.

అక్కడ నేర్చిన పద్ధతి ఒకటి అతను ఎన్నడూ తప్పలేదు. గేరుబాక్సు లోపల నూనెలో తిరిగే క్లచ్ ప్లేట్ల దొంతరకూ, పైన బిగించే రింగుకూ మధ్య కాస్త సందు ఉండాలి. ఎక్కువైతే ప్లేట్లు జారతాయి. అసలు లేకపోతే అవి విడవకుండా రాసుకుని కాలిపోయి, కొన్ని మైళ్లకే బండి నిలిచిపోతుంది. ఆ సందును ఫీలర్ గేజి ఉక్కు రేకులతో ఒకరు కొలిచి, బల్ల మీద ఒక కొసన సుద్దతో అంకె వేసి గుడ్డ కప్పాలి. రెండోవాడు అది చూడకుండా తనూ కొలిచి, ఇంకో కొసన రాయాలి. రెండూ కలిస్తేనే మూత బిగించడం.

రెండు రోజులు పని నడిచింది. మధుసూదన్‌ను షెడ్డు గుంజకు కట్టేశారు. మూలిగినప్పుడల్లా నాసర్ తన్నాడు. అల్వాల్‌లో ఎవరి ఇల్లు ఎట్లా తగలబెట్టిందీ నవ్వుతూ చెప్పాడు. బ్రహ్మచారి మాడిన ప్లేట్లు తీసేసి, అల్లాఉద్దీన్ మిలిటరీ వేలంలో కొన్న సామానులోంచి కొత్తవి ఏరుకున్నాడు.

బుధవారం పొద్దున ప్లేట్లు పేర్చేటప్పుడు ఒక మందపు ప్లేటు కావాలనే వేశాడు. సందు పూర్తిగా మూసుకుపోయింది. తమ్ముణ్ణి తనకు అప్పగించి వాళ్లు వెళ్తారు, బండి ఏ పొలాల మధ్యనో చస్తుంది. అదీ అతని ఆలోచన. అరవై అని రాసి గుడ్డ కప్పాడు. అంగుళంలో వెయ్యో వంతులు అరవై. ఆ బాక్సుకు ఉండాల్సిన సందు అంతేనని ఇద్దరు మేస్త్రీలకూ తెలుసు.

అల్లాఉద్దీన్ వంగి రేకు పెట్టాడు. దూరలేదు. అన్నిటికన్నా సన్నటిది పెట్టాడు. అదీ దూరలేదు. బ్రహ్మచారి వైపు చూడకుండా తన కొసన అరవై అని రాశాడు.

నాసర్ గుడ్డ లేపాడు. "అరే, రెండూ ఒక్కటే! ముసలోళ్లు మస్తు కలిసిన్రు."

మూత బిగించబోతుండగా సలార్ వచ్చాడు. "నీ తమ్ముడు సుత మా ఎంబడి బండిల వస్తడు. శామీర్‌పేట దాటినంక దించుత. నడుమల ఆగిందనుకో, ఆడ్నే కాలుస్త."

బ్రహ్మచారి మూత కింద పెట్టాడు.

"జెర ఆగున్రి సాబ్. కొలత తప్పింది. మల్ల ఇప్పాలె."

నాసర్ తుపాకీ గొట్టం అతని దవడ కింద ఆనించాడు. "ఇద్దరు కొలిచిన్రు గదరా! ఇద్దరికీ తప్పిందా? ఏం నాటకమిది?"

"నేను కొలవలే," అన్నాడు అల్లాఉద్దీన్. "గుడ్డ లేపి చారి రాసింది చూసి రాసిన. నడుము తక్లీఫుంటే వంగబుద్ధి కాలే."

"కామ్‌చోర్!" తుపాకీ మడమ అతని నోటి మీద పడింది. రెండు పళ్లు బల్ల మీద వాషర్ల మధ్య పడ్డాయి. సలార్ చేతి గడియారం చూసుకుని చీకటి పడేదాకా గడువిచ్చాడు.

మందపు ప్లేటు బయటికొచ్చింది. ఈసారి అల్లాఉద్దీనే ముందు కొలిచాడు. పెదవి నుంచి ప్లేటు మీద పడిన నెత్తురు బ్రహ్మచారి తన అంగీ అంచుతో తుడిచాడు. అరవై. అరవై. పొద్దుగూకే వేళకు బండి మధుసూదన్‌ను ఎక్కించుకుని అల్వాల్ వైపు వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం మధుసూదన్ విరిగిన చేయి పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు.

"ఏడ ఆగలే అన్నా. సప్పుడు సుత లేదు."

"ఎందర్ని సంపిన్రు?" అని అల్లాఉద్దీన్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునే అడిగాడు.

"ముగ్గుర్ని. ఇద్దర్ని కాల్చిన్రు. ముసల్ది పొలంల పడి ఉరికింది. ఎంబడబడి బండితోనే తొక్కిచ్చిన్రు."

బ్రహ్మచారి బల్ల మీద సుద్ద గీతలు తుడిచాడు.

పద్దెనిమిదిన సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. సలార్ జాడ లేదు. నాసర్ శవం చేతులు వెనక్కి కట్టేసి నాలాలో దొరికింది. ఎవరు చంపారని ఎవరూ అడగలేదు. వారానికి సైనికులు, ఇంజను చెడి దారిలో వదిలేసి ఉన్న ఆ కారును తాళ్లతో ఈడ్చుకుంటూ షెడ్డుకు తెచ్చారు. బంపరుకు బురదతో పాటు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. గేరుబాక్సు కూడా చెడిందేమో విప్పి చూడమన్నాడు మద్రాసు నుంచి వచ్చిన తెలుగు ఆఫీసరు. ఇద్దరూ విడివిడిగా కొలిచి రాశారు. గుడ్డ తీస్తే అరవై, అరవై.

"మంచి పనివాడే. ఎవరు చేశారు?"

"నేనే సార్," అన్నాడు బ్రహ్మచారి.

ఆఫీసరు అతని ముఖంలోకి చూశాడు. మధుసూదన్ కట్టుకట్టిన చేతినీ చూశాడు. "రేపట్నుంచి మా వర్క్‌షాపుకు రా."

"అల్లాఉద్దీన్ భాయ్‌ని సుత తీసుకుంటేనే వస్త. రెండో కొలత ఆయ్నదే."

పేరు రాసుకోబోయిన ఆఫీసరు కలం ఆపాడు. ఆ రోజుల్లో ముస్లింల పేర్లు రాసుకోవడానికి మిలిటరీవాళ్లు వెనకాడేవారు. "ఈయన రాసింది నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు సార్," అన్నాడు బ్రహ్మచారి. "ఇన్నేండ్లల్ల ఒక్కపారే తప్పు రాసిండు. అది నాకోసం."