గెరాసిమోస్‌లకు మూడో ప్రశ్న

ఇంట్లో ఉన్నది ఒక్కడే పసివాడు. అయినా స్నానం చేయించిన ప్రతిసారీ అరెతి వాడి కాలికున్న ఆస్పత్రి పట్టీ చదివి, తన బిడ్డేనని తేల్చుకున్నాకే తువాలు చుట్టేది. నెల దాటినా ఆ పట్టీ తీయనివ్వలేదు.

"వేరేవాడైతే ఇంత ఏడవడులే," అనేవాడు భర్త ఫోతిస్.

ఆమెనని లాభం లేదు. చదివిన చదువే అలాంటిది. ఆస్పత్రిలో ఒకరి రికార్డు ఇంకొకరికి అంటుకుని, ఒకరి మందు ఇంకొకరి నోట్లో పడకుండా చూడటమెలా అన్నదే ఆమె పరిశోధన. దానికి గ్రీసులోని కెఫలోనియా దీవిని మించిన చోటు లేదు. దీవిని కాపాడేది సెయింట్ గెరాసిమోస్. ఆ విశ్వాసంతో దీవి ఇంటింటా ఆయన పేరే పెట్టుకుంది. పైగా ఏ కొడుకైనా తన మొదటి మగబిడ్డకు తాత పేరు పెట్టి తీరాలి. అరెతి అత్తవారింట్లోనే మామగారు గెరాసిమోస్ కువెలాతోస్. ఇద్దరు బావగార్లకూ చెరొక గెరాసిమోస్ కువెలాతోస్. పోయిన శీతాకాలం ఆ పిల్లల్లో ఒకడికి పెన్సిలిన్ పడదన్న మాట రెండోవాడి రికార్డులోకి ఎక్కింది. అరెతి కంటబడింది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు తన కొడుకు వంతు. బాప్టిజం దాకా పేరుండదు కాబట్టి వాడు ఉత్త బుజ్జిగాడు. మామగారు నోరు తెరిచి ఏమీ అడగలేదు. రోజూ వచ్చి ఉయ్యాల పక్కన కూర్చుని, "మా పేరులేనోడు పాలు తాగాడా?" అనేవాడు, అంతే.

"ఆ పేరు పెట్టకపోతే నాన్న బెంగపెట్టుకుంటాడు," అన్నాడు ఫోతిస్.

"పెడితే నాకు నిద్రుండదు."

ఆమె పరిశోధన కూడా సాఫీగా ఏం సాగలేదు. రోగిని మొదట పేరడగాలి, తరవాత పుట్టిన తేదీ అడగాలి, రాసుకున్నది తిరిగి చదివి వినిపించాలి అని నర్సులకు నేర్పింది. తీరా చూస్తే ఏ తాతను అడిగినా పుట్టింది ఆగస్టు పదహారే. అది సెయింటు పండుగ, గెరాసిమోస్‌లందరికీ చుట్టాలు మిఠాయి తెచ్చే రోజు. అమ్మ ఎప్పుడు కన్నదో ఎవరికి పట్టింది? రెండేళ్ల శ్రమ ఆ పండుగ సందడిలో కొట్టుకుపోయింది.

అప్పుడు దొరికింది మూడో ప్రశ్న: "కాఫీ కొట్లో మిమ్మల్ని ఏమంటారు?" దీవిలో మగవాడన్నాక ఒక ఎగతాళి పేరుంటుంది, ఏ రెండూ కలవవు. చిక్కల్లా ఒకటే. ఎవరూ తమది చెప్పరు, పక్కవాడిది మాత్రం అడక్కుండానే చెబుతారు. సరే, పక్కవాణ్ణే అడగండి అని రాసింది అరెతి. అది చదివి వినిపించిన సదస్సులో అందరూ పడీపడీ నవ్వి చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన మాత్రం, "పక్కన ఎవరూ లేకపోతేనో?" అన్నాడు. ఆమె ఆ ప్రశ్నను కాగితం అంచున రాసుకుంది.

జులైలో మామగారి కంట్లో శుక్లం తీయించడానికి ఆమే తీసుకెళ్లింది. నర్సు స్తవ్రూలా, "గెరాసిమోస్ కువెలాతోస్," అని పిలవగానే మామగారితో పాటు గోడ పక్కన ఇంకో ముసలాయనా లేచాడు.

"పుట్టిన తేదీ?"

"ఆగస్టు పదహారు," అన్నారిద్దరూ.

"కాఫీ కొట్లో ఏమంటారు తాతా?"

మామగారు పైకప్పు చూశాడు. "మనకలాంటివేం లేవమ్మా."

"లేకపోవడమేంటి," అన్నాడు రెండో ముసలాయన. "వీణ్ణి 'ఇంకారాలేదా' అంటారు."

"నోర్ముయ్ రా."

"చిన్నప్పుడు, స్వామి దేహమున్న పెట్టె మీదుగా దాటితే మంచిదని, సెయింటు ఊరేగింపుకి మాతోపాటు రోడ్డు మీద పడుకున్నాడమ్మా. స్వామి మామీదుగా వెళ్లిపోయాడు, మేం లేచాం. వీడు గురక. ఎప్పుడో లేచి, 'ఇంకా రాలేదా?' అన్నాడు."

స్తవ్రూలా నవ్వు ఆపుకుంటూ రాసుకుని, పైకి చదివి వినిపించింది. మామగారికి శుక్లం కుడికన్నులో, ఆ ముసలాయనకు ఎడమకన్నులో.

తిరుగు దారిలో మామగారు కంటి కట్టు సవరించుకున్నాడు. "నీ చదువు నా పరువు తీసింది కోడలా," అన్నాడు.

"కన్ను కాపాడింది కదా మామయ్యా."

ఒంటికంటితోనే సముద్రంవైపు చూశాడు. "బుజ్జిగాడికి వేరే పేరే పెట్టుకోండి. వాడి ఒంటికి ఏదైనా అయితే నా పేరు నేనేం చేసుకుంటాను?"

ఎదిరిస్తే ఎలా వాదించాలో అరెతి ఎప్పుడో సిద్ధం చేసుకుంది. ఆయనే తగ్గితే ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆగస్టులో, బాప్టిజం తొట్టి దగ్గర ఫాదర్ పేరడిగితే, బిడ్డనెత్తుకున్న జ్ఞానమాత అరెతి వైపు చూసి, ఆమె తలూపాక, "గెరాసిమోస్," అంది. మామగారు కట్టు విప్పిన కన్నూ, కట్టు కట్టని కన్నూ రెండూ తుడుచుకున్నాడు. ఆ వారమంతా అరెతికి కునుకు పట్టలేదు.

అక్టోబరులో టీకా వేయించడానికి వెళ్లారు. బిడ్డను తాతే ఎత్తుకున్నాడు. స్తవ్రూలా పేరడిగింది, తేదీ అడిగింది, తరవాత కలం ఆపింది. "ఈ చిన్నాయన ఇంకా కాఫీ కొట్టుకి వెళ్లట్లేదు కదా. పక్కన ఎవర్నడగాలి?"

సదస్సులో పెద్దాయన ప్రశ్న అదే.

మామగారు గొంతు సవరించుకున్నాడు. గది నిండా ఊరివాళ్లే.

"రాసుకో," అన్నాడు అందరికీ వినబడేలా. "ఇంకారాలేదా మనవడు."

అందరూ నవ్వారు. ఆయన బిడ్డను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నవ్వింది చాలు గానీ, రాసింది చదువమ్మా. మా కోడలు నీకు నేర్పలేదా?"