ఒక్క బిళ్ళ మీద ముగ్గురం

ఆ రోజుల్లో గోదావరిఖనిలో పొద్దును నడిపేది గడియారం కాదు, గని సైరన్. మా వాళ్లెవరూ "పొద్దున వస్త" అనేవారు కాదు, "ఫస్టు షిఫ్టుల వస్త" అనేవారు. మా అన్న లేచి ఫస్టు షిఫ్టుకు పోతే, నైట్ షిఫ్టు దిగి వచ్చిన బాపు అదే మంచం మీద వాలేవాడు (మా మంచం ఎప్పుడైనా చల్లబడ్డట్టు నాకు గుర్తు లేదు). అలాంటి ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు ఏ పని మొదలుపెట్టినా షిఫ్టుల లెక్కనే మొదలుపెడతారు, అది ఇంటర్నెట్లో సువార్తల గురించి వ్యాసం రాసే పనైనా సరే. అదెంతో తెలివైన పద్ధతని కూడా మేం అనుకున్నాం.

అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, చౌరస్తా దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఆపరేటర్‌గా చేరాను. దాని యజమానిని ఊరంతా సెంటరన్న అనేవారు. ఊరు నిద్రపోదు కాబట్టి ఆయన సెంటరూ మూతపడేది కాదు. పరీక్షా ఫలితాలు, రైలు టికెట్లు, ప్రత్యేక రాష్ట్రం వస్తే ఉద్యోగాలొస్తాయని ఆశపడే పిల్లల దరఖాస్తులు, ఇవీ మా గిరాకీలు. ఆ పిల్లల్లో నన్ను అక్కా అనే ఒకణ్ని జీకే అని పిలిచేవాళ్లం. వాడికి జనరల్ నాలెడ్జి ఎంత ఉండేదంటే, టీ తాగుతూ టీ ఏ దేశంలో పుట్టిందో చెప్పేవాడు, మనం అడగకపోయినా.

ఒకరోజు మా పెద్దబాపు సెంటర్‌కు వచ్చాడు. మా బాపుకు అన్న, గనిలో షిఫ్టు మనుషుల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మెన్‌గా చేసి రిటైరైనవాడు, మా చర్చికి పెద్ద. మిషన్ బడిలో ఆయనకు చదువు చెప్పిన మాస్టారు పోతూ పోతూ ఇచ్చిన, బైబిలు మీది ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథాలు ఆయన దగ్గర అరనిండా ఉండేవి. వాటిలో పండితుల మాటలు చదవడం, ఆ పండితులతో ఒంటరిగా కొట్లాడటం ఆయన రిటైర్‌మెంట్ జీవితం. ఎవరైనా రాయొచ్చనే ఒక విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్లో ఉందని విని, మార్కు సువార్త గురించి తెలుగులో ఏముందో చూపించమన్నాడు. తెరిచాను. రెండే వాక్యాలు. "మార్కు సువార్త బైబిల్లో ఒక పుస్తకం. ఇది చాలా మంచిది."

పెద్దబాపు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "చాలా మంచిది ఏంది బిడ్డా? ఇదేమన్న బెల్లమా?"

అప్పుడే చెప్పాడు, తన కళ్ల సంగతి. కంటినరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదట, ఉన్నది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారట డాక్టర్లు. "ఇంగ్లీషుల ఇంత చదివిన. మన తెలుగుల, మన పిల్లలు చదువుకునేటట్టు ఒక్క పేజీ ఉంటే, కండ్లు పోకముందు నేను చదువుకుంట. గంతే" అన్నాడు. రాద్దాం పెద్దబాపూ అన్నాను, తెలుగు టైపింగ్ సరిగ్గా రాకపోయినా.

జీకే తానూ చేరతానన్నాడు (వాడికి తెలియని విషయం ఒకటి లోకంలో ఉందని అప్పుడే తెలిసింది, తట్టుకోలేకపోయాడు). రాత్రి ఊరికే కూర్చోవడం ఎందుకని సెంటరన్న కూడా చేరాడు. వాళ్లిద్దరూ చర్చి మెట్లెక్కినవాళ్లు కాదు. సువార్తల మీద మొదట్లో రాసినవారి పేర్లు ఉండేవి కావని, నాలుగింటిలో మార్కే ముందుదని, మత్తయి, లూకా దాన్ని దగ్గర పెట్టుకునే రాశారని చాలామంది పండితులు అంటారని పెద్దబాపు చెబుతుంటే సెంటరన్న భయపడ్డాడు. "దేవుని పుస్తకం ఎవరు రాసిండ్రని అడిగితే పాపం గాదా కాకా?"

"బొగ్గు ఎట్లయ్యిందని అడిగితే అది పొయ్యిల మండుడు బందు చేస్తదా?" అన్నాడు పెద్దబాపు. సెంటరన్న తన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

పని పంపకం మాత్రం పక్కా గని పద్ధతే. ఒకే ఖాతా తెరిచాం. ఫస్టు షిఫ్టు నేను, సెకండ్ షిఫ్టు జీకే, నైట్ షిఫ్టు సెంటరన్న. "రిలీవర్ రానిదే జాగ ఇడువొద్దు" అన్నది ఓవర్‌మెన్ ఆజ్ఞ. గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర మనిషి, తన బదులు మనిషి వచ్చాకే కదులుతాడు. మేమూ అంతే. పాస్‌వర్డ్ చేతులు మారేది, ఖాతా మాత్రం ఆగేది కాదు. పేజీలో ఏం మార్చామో ఒక ముక్క రాయమని కింద చిన్న పెట్టె ఉంటుంది. అందులో దిగిపోయేవాళ్లు ఎక్కేవాళ్లకు కబురు రాసేవారు: "పంపు నడుస్తుంది. లూకా దాక వచ్చినం. పైకప్పు పదిలం."

ఇదంతా ఎక్కడో ఉన్న ఆ విజ్ఞాన సర్వస్వపు నిర్వాహకుడొకాయన చూస్తున్నాడని మాకేం తెలుసు? ఆయనకు కనిపించిందేమిటంటే, ఒక మనిషి అసలు నిద్రపోడు, సువార్త గురించి రాస్తాడు, మధ్యమధ్యలో పంపు గురించి, పైకప్పు గురించి పలవరిస్తాడు. చివరికి ఆయన చాలా మర్యాదగా అడిగాడు: "అయ్యా, మీరు ఎప్పుడైనా నిద్రపోతారా?" ఆ సమయానికి డ్యూటీలో ఉన్నది జీకే. వాడు ఉన్నదున్నట్టు జవాబిచ్చాడు: "పోతం సార్. రిలీవర్ రాంగనే పోతం."

ఖాతా ఆపేశారు. ఒక మనిషికి ఒక ఖాతా అన్నది అక్కడి నియమమట. పైగా ఈ రాతను నమ్మాలా వద్దా అని, వ్యాసాన్నే తొలగించే విషయం చర్చకు పెట్టారు. జీకే రక్తం ఉడికింది. "మనిషికొకటి తీద్దాం అక్కా!" అన్నాడు. ఆ మధ్యాహ్నమే, అదే సెంటర్లో కూర్చుని, ముగ్గురం మూడు కొత్త ఖాతాలు తెరిచి, వరసగా "ఉంచాలి", "ఉంచాలి", "తప్పక ఉంచాలి, జిందాబాద్" అని రాశాం. మూడూ ఒకే చోటు నుంచి వచ్చాయని వాళ్లకు తెలుస్తుందని మాకు తెలియదు. సాయంత్రానికి మూడూ ఆగిపోయాయి. ఒకే మనిషి మూడు ముసుగులు వేసుకున్నాడని తేల్చారు. సెంటరన్న తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, "గింత లావున్నోన్ని, నేను ముసుగునా?" అని బాధపడ్డాడు.

నాకు నవ్వు రాలేదు. వ్యాసం పోతే మళ్లీ మొదటినుంచి రాయాలి. పెద్దబాపు చూపు అంతదాకా ఆగుతుందా? అప్పటికే చర్చి మెట్లు తడుముకుంటూ దిగుతున్నాడు.

ఆయనకు చెప్పక తప్పలేదు. తిడతాడనుకున్నాను, కనీసం ఆ నిర్వాహకుణ్నయినా. ఆయన అంతా విని, "ఆయనదే కరెక్టు" అన్నాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఒక బిళ్ళ ఉంటుంది. పైకి వచ్చాక దాన్ని అప్పజెప్పాలి. బిళ్ళ రాలేదంటే మనిషి కిందే ఉన్నాడని లెక్క, వెతకడానికి పోతారు. "ఒక్క బిళ్ళ మీద ముగ్గురు దిగిండ్రు మీరు. నా షిఫ్టుల గిట్ల చేస్తే ఇంటికి పంపేటోన్ని. నేనే మర్చిపోయిన. జరుగు బిడ్డా."

కుర్చీలో కూర్చుని, తన పేరు మీద ఖాతా తీయించుకుని, తెరకు ముక్కు ఆనించి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆయనే టైపు చేశాడు. జీకే సాయం పోబోతే చెయ్యి తోసేశాడు. "అయ్యా, నేను గనిల ఓవర్‌మెన్ చేసిన. ఒక బిళ్ళ మీద ముగ్గురు పిల్లలను దించిన. తప్పు నాది. మనుషులను లెక్క పెట్టుకునే మీ రూలు మంచిది. కానీ గని మూయకుండ్రి. పిల్లలు నిజంగనే ముగ్గురు."

మర్నాడు జవాబు వచ్చింది. మా ఖాతాలు తెరిచారు. ప్రతి మాట ఏ పుస్తకంలోదో చూపిస్తే వ్యాసం ఉంటుందన్నారు. పెద్దబాపు సంతోషించాడు. "మంచిదే. ఊత దిమ్మె లేని గని కప్పు కింద నేను మాత్రం ఎవరిని నిలవెట్టిన?" అని అరలోని గ్రంథాలన్నీ సంచుల్లో మోసుకొచ్చాడు. మళ్లీ షిఫ్టులు నడిచాయి, ఈసారి ఎవరి బిళ్ళ వారిదే.

పూర్తయిన రోజు అక్షరాలను పెద్దవి చేస్తూ పోయాను, తెరకు నాలుగైదు మాటలు పట్టేంత వరకు. ఆయన మొదటినుంచి చివరిదాకా చదివాడు, మధ్యలో ఒక పండితుణ్ని తిట్టాడు కూడా. సెంటర్లో గిరాకీలు నిలబడే ఉన్నారు, సెంటరన్న ఎవర్నీ కూర్చోనివ్వలేదు. చివరికి పెద్దబాపు కళ్లద్దాలు తీసి, "చాల మంచిగున్నది" అన్నాడు.

"ఆ మాట పెట్టమంటవా పెద్దబాపూ?" అన్నాను.

"వద్దు. దానికి పుస్తకం లేదు" అన్నాడు.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, జీకేకు ఉద్యోగమూ వచ్చింది. పెద్దబాపుకు ఇప్పుడు ఏమీ కనిపించదు. ఆదివారం ఫోన్ చేసి ఆ పేజీ చదివి వినిపిస్తాను. ఎవరెవరో తెలియని వాళ్లు దానికి ఎంతో చేర్చారు, మా వాక్యాలు వెతికితే గాని దొరకవు. ఒక్కోసారి నేనూ ఒక ముక్క సరిచేస్తాను. కింద చిన్న పెట్టెలో ఏం మార్చావని అడుగుతుంది. ఇంత వయసొచ్చింది, బుద్ధిగా జవాబు రాయొచ్చు కదా. చెయ్యి ఊరుకోదు, "పంపు నడుస్తుంది" అనే రాస్తాను. నిర్వాహకులు ఎవరూ ఇంతవరకు నన్ను ఏమీ అడగలేదు. పెద్దబాపు మాత్రం ప్రతి ఆదివారం అడుగుతాడు, "రిలీవర్ వచ్చిండా బిడ్డా?" అని.