పోయాక కూడా అమ్మిన బావగారు

మా బావగారు పోయాక కూడా భీమవరంలో చీరలు అమ్ముతూనే ఉన్నారు. ఊరికే అనడం లేదు, కార్డు యంత్రం అచ్చేసిన స్లిప్పులే సాక్ష్యం.

ఆయన గుండెపోటుతో పోయిన కొన్నాళ్లకు బట్టల కొట్టు నేను చూసుకోవడం మొదలుపెట్టాను. ఆయన పేరున్న బోర్డు దింపించి, పక్క ఊరి నుంచి కూడా చదువుకోగలిగినంత పెద్ద అక్షరాలతో కొత్తది పెట్టించాను. కార్డు యంత్రం మాత్రం పాతదే. కార్డులు కొత్తగా వచ్చిన రోజులు. రొయ్యల చెరువుల ఆసామి జేబులోంచి కార్డు తీస్తే వీధి వీధంతా పని మానేసి చూసేది. యంత్రానికి ఫోను తీగ తగిలించాలి. కార్డు గీకగానే అది బ్యాంకుకు ఫోను కలుపుకుంటూ మూలిగేది. ఆ మూలుగుకు యనమదుర్రు కాలువలో చేపలు అడుక్కి పోయేవంటే నమ్మాలి. మూలిగి మూలిగి చివరికి కాగితం కక్కేది. దాని నెత్తిన బావగారి పేరు.

మొదట ఎవరూ చూసుకోలేదు. ఒకావిడ మాత్రం పెళ్లి చీరలు కొనుక్కెళ్లి, మర్నాడు స్లిప్పు పట్టుకుని వచ్చింది.

"ఏంటండీ ఇది? నేను కొన్నది మీ దగ్గరా, ఆయన దగ్గరా?"

"మా దగ్గరేనండి. యంత్రం పాతది."

"పెళ్లికూతురి చీరలండీ. పోయినాయన చేత్తో ఇచ్చినట్టుంది. వెనక్కి తీసుకోండి."

తీసుకున్నాను. ఈ కబురు ఆకివీడు, ఉండి, నరసాపురం దాటి సముద్రంలో పడవల మీదికి కూడా ఎక్కింది. నాకే ఒక్కోసారి, యంత్రం మూలుగుతుంటే, బావగారు వెనక నిలబడి దగ్గినట్టుండేది. బేరం తెగే ముందు ఆయన అలాగే చిన్నగా దగ్గేవారు.

బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఆఫీసరు స్లిప్పు మీద, పేరు కింద ఉన్న పొడుగాటి అంకెలు చూపించాడు.

"ఇది కొట్టు నంబరండి. కార్డు గీకితే ఈ నంబరు చూసే మాకు ఏ కొట్టో, ఎవరి ఖాతాలో వెయ్యాలో తెలుస్తుంది. మీరు బోర్డు మార్చిన సంగతి దానికేం తెలుసు?"

"అయితే పేరు మార్చెయ్యండి."

"నంబరు ఆయనదండి, మార్చకూడదు. దాన్ని మూసేసి మీకు కొత్తది ఇస్తాం. మూయమని మీ అక్కగారు సంతకం పెట్టాలి. అసలు ఆయన పోయినట్టు మాకెవరూ చెప్పలేదేంటండి?"

దినం భోజనానికి జిల్లా సగం వచ్చింది. బ్యాంకును పిలవడం మరిచిపోయాం.

బ్యాంకు ఇచ్చిన కాగితం తీసుకెళ్లి అక్క ముందు పెట్టాను. బావగారి ఖాతా అక్కతో కలిపి ఉన్నదే కనుక డబ్బు గొడవ లేదు. అయినా ఆవిడ కలం ముట్టుకోలేదు.

"రేషను కార్డులో ఆయన పేరు కొట్టేశారు. ఓటర్ల జాబితాలో కొట్టేశారు. బోర్డు నువ్వే దింపించావు. ఇదొక్కటీ ఉండనియ్యరా."

"జనం భయపడుతున్నారే అక్కా."

"భయం నీది. జనం మీద పెట్టకు."

నేను మళ్లీ అడగలేదు. కొట్టుకు వచ్చే జనం పల్చబడ్డారు. ఒక మధ్యాహ్నం అక్క తనే వచ్చింది, ఆయన పోయాక మొదటిసారి. తిన్నగా యంత్రం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఇది మూసేలోపు నాకో చీర కావాలి."

"తీసుకో. నీ కొట్టేగా."

"తీసుకోను, కొంటాను. కాపురం చేసినన్నాళ్లూ ఆయన నాకు అమ్ముడుపోనివే తెచ్చారు. అంచు పోగు లాగేసింది ఒకటి, మరకపడ్డది ఒకటి. ఆ పై అరలోది దింపు, వంకాయ రంగుది."

దింపాను. ధర చెప్పాను.

"తగ్గించవా?"

"బావగారు తగ్గించేవారా?"

"ఎప్పుడూ లేదు. ఇదిగో మా ఇద్దరి ఖాతా కార్డు, గీకు."

ఆ ఖాతాలోంచి తీసి ఆ ఖాతాలోనే వెయ్యడానికి యంత్రం తెగ మూలిగింది. అక్క వంగి, దానికి చెవి దగ్గరగా పెట్టి, అయ్యేదాకా విన్నది. కాగితం వచ్చాక పేరు చదువుకుంది. స్లిప్పు మీద సంతకం పెట్టింది. బ్యాంకు కాగితం కూడా ఇటిమ్మని, దాని మీదా పెట్టింది.

తరవాత చీర ఒళ్లో పరుచుకుని, అంచు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలితో తడుముతూ వెళ్లింది. ఎక్కడా చిన్న లోపం లేదు.

"ఇది ఆయన ఇచ్చింది కాదురా," అంది.