పాఠానికి అడ్డొచ్చిన మీసం

ఆ రోజుల్లో మగవాడికి ఉద్యోగం లేకపోయినా చెల్లేది గానీ మీసం లేకపోతే చెల్లేది కాదు. నాకు మీసం ముందొచ్చింది, చాలా ఏళ్లకు ఉద్యోగం వచ్చింది. చీరాల దగ్గర చర్చివాళ్లు నడిపే చెవిటి పిల్లల బడిలో ఇంగ్లీషు మాస్టారి పని. పెదాల కదలిక చూసి మాటను పట్టుకోవడం ఆ పిల్లల విద్య. అది తలకెక్కని నేను మొదటి నెలంతా గొంతు చించుకున్నాను (రోడ్డు మీద పోయేవాళ్లకు ఆ నెలలో ఇంగ్లీషు బాగానే వచ్చి ఉండాలి). పిల్లలు నాకు సైగల్లో ఒక పేరు కూడా పెట్టారు: పైపెదవి మీద రెండు వేళ్లతో మెలి తిప్పడం. గౌరవమనుకుని పొంగిపోయాను.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుందని అందరూ మిరప్పండు అనేవాళ్లు. వాళ్ల నాన్న వచ్చి, "ఈ ఏడు ఇంగ్లీషు తప్పిందంటే మిరపకోతకి తీసుకుపోతానండి, ఇంక చదివించే ఓపిక మాకు లేదు" అని చెప్పి వెళ్లాడు. ఆ పిల్ల కళ్లు నీళ్లు కారేదాకా నా మొహమే చూసేది. ఒకరోజు పలక తెచ్చి నా ముందు పెట్టింది. నా బొమ్మ. కళ్లున్నాయి, ముక్కుంది, దాని కింద మీసం, ఆ కింద గడ్డం. నోరు లేదు. నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

"గుమ్మానికి పరదా కట్టి లోపలికి రండి రండి అంటే ఎలాగండీ మాస్టారూ?" అన్నారు ఆ పలక అందుకుని చూసిన పెద్ద టీచరుగారు.

"మా నాయన బతికున్నాడండీ" అన్నాను. (తండ్రి పోయినప్పుడు తప్ప మీసం తీయకూడదని మా వైపు పట్టింపు.) ఆవిడ పలక నా చేతికిచ్చారు. ఆ సాయంత్రమే మంగలి ముందు కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

ఆదివారం దర్శి అవతల మా ఊళ్లో బస్సు దిగేసరికి టీకొట్టు దగ్గర మామ వరసాయన దిగ్గున లేచాడు. "అయ్యో, మీ నాయన ఎప్పుడు పోయాడ్రా? పొద్దున పత్తిచేలో కనపడ్డాడే!" ఎంత చెప్పినా వినకుండా కండువాతో కళ్లొత్తుకుంటూ నా వెనకాలే నడిచాడు. దారిలో ఇంకో నలుగురు కలిశారు. నాన్న అన్నం ముందు నుంచి లేచొచ్చి, మమ్మల్ని చూసి, "నేనింకా బతికే ఉన్నాన్రా!" అని అరిచాడు. ఆ తర్వాత నాతో మాట మానేశాడు.

నెల తిరక్కుండా చెప్పాపెట్టకుండా బడికొచ్చాడు, నా మీసం తీయించిన ఆ పిల్లలెవరో చూద్దామని. ఆయన్ని తరగతి వెనక నిలబెట్టి, గొంతు లేకుండా ఒట్టి పెదాలతో ఒక వాక్యం చెప్పాను. మిరప్పండు పలక మీద తప్పు లేకుండా రాసింది: మై ఫాదర్ ఈజ్ యాంగ్రీ.

"నాకే వినపడలేదు, ఆ పిల్లకెట్టా తెలిసిందిరా? ఏం రాసింది?" అన్నాడు నాన్న. అర్థం చెప్పాను. చాలాసేపు పలకనే చూశాడు. బస్సెక్కేటప్పుడు మాత్రం, "సరేలే. నేను పోయినప్పుడు గుండు ఒక్కటి చేయించుకో, చాలు" అన్నాడు.

మిరప్పండు ఇంగ్లీషు గట్టెక్కింది. మిరపకోతకు వెళ్లలేదు. అదే బడిలో టీచరైంది.

చాలా ఏళ్లకు నాన్న పోయాడు. గుండు గీసిన మంగలి అలవాటుగా కత్తి నా పెదవి దాకా తెచ్చి ఆగిపోయాడు. నేను మళ్లీ పెంచలేదు, తీయడానికి అక్కడేమీ లేదు. గుండు చాలని నాన్న అన్నా, ఆయన కోసం తీయడానికి మీసమైనా మిగల్చలేదని కుమిలిపోతూ కూర్చున్నాను. పలకరించడానికి మిరప్పండు వచ్చింది. ముందు పైపెదవి మీద రెండు వేళ్లు మెలి తిప్పి నా పేరు చెప్పింది. తర్వాత గొంతు లేకుండా, నాలాంటి మొద్దుకు కూడా అందేటట్టు నెమ్మదిగా పెదాలు కదిపింది: యువర్ ఫాదర్ ఈజ్ నాట్ యాంగ్రీ.

ఒక్క మాట పోకుండా అందింది. ఏడుస్తూనే నవ్వాను.