మెట్టు మీది ముత్తాత

యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో బెంగుళూరులో కిరసనాయిలు దొరకడం కష్టం గాని, పాత కుటుంబాలు మాత్రం కావలసినన్ని దొరికేవి. నిన్నో మొన్నో మూటతో దిగి బళేపేటలో అంగడి అద్దెకు తీసుకున్నవాడు కూడా "కోట కట్టేటప్పటి నుంచీ మేమీడే ఉండామప్పా" అనేవాడు. అలాంటి కోటవంశంవాడొకడు హిందూపురం పిల్లను పెళ్ళాడి, నెల తిరగకముందే అంగడికి తాళం వేసి మాయమయ్యాడు. (తాళం కూడా ఇంటివాడిదేనట.) దాంతో హిందూపురంలో ఆడపిల్లల తండ్రులందరూ జాగ్రత్తపడ్డారు. అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడ్డవాడు, నా ఖర్మ కొద్దీ, నేను చేసుకోవాలనుకున్న పిల్ల తండ్రి.

ఆ పిల్ల వాళ్ళ అత్తతో బెంగుళూరులో మా గాజుల అంగడికి వచ్చినప్పుడు, చేతి నిండా గాజులు ఒక్కటీ పగలకుండా తొడిగాను. నా జీవితంలో నేను నెగ్గిన పరీక్ష అదొక్కటే. బడి నేను తొందరగానే మానేశాను. అందులో సగం తప్పు నా చెవులది. మా వంశంలో మగవాళ్ళ చెవులు గంగాళం పిడుల్లా బయటికి నిలబడి ఉంటాయి. అవి మా అయ్యవారి చేతికి మరీ అనువుగా ఉండేవి. ఆ పిల్ల మాత్రం చెవుల సంగతి ఎత్తకుండా, "ఈయన చెయ్యి మెత్తన" అని అత్తతో అన్నది. ఆ మాట పట్టుకొని మా తాత హిందూపురానికి కబురు పంపాడు.

పిల్ల తండ్రి బెల్లం వ్యాపారి. అచ్చును గీకి, నాకి, ఎండకు పెట్టి చూసిగాని బేరం మాట్లాడడు. మనుషుల విషయంలోనూ అంతే (నాకడం ఒక్కటి తప్ప). ఏం చెప్పినా "రుజువేముండాది?" అనేవాడు గనుక నేను ఆయనకు రుజువు మామ అని పేరు పెట్టుకున్నాను. మామ అన్నది అప్పటికి నా ఆశ మాత్రమే.

"మీది పాత కుటుంబమే అంటాండావు. రుజువేముండాది?" అన్నాడు వచ్చీరాగానే.

"కంటోన్మెంటు పక్క పాత చర్చిలో ఉండాది, పోదాం పా" అన్నాడు మా తాత.

రుజువు మామ తాంబూలం నమలడం ఆపాడు. "చర్చిలోనా? మీరు..."

"సుమ్నే ఊరికుండప్పా, మేం గాజులోళ్ళమే" అని మా తాత కథ చెప్పాడు. మా ముత్తాత గాజుల మలారం భుజాన వేసుకొని ఈ ఊరికి వచ్చిన కొత్తలో, జ్వరంతో ఆ చర్చి ముందు పడిపోతే, అప్పటి పాదిరి గంజి పోసి బతికించాడట. తర్వాత అంగడి నిలదొక్కుకున్నాక ముత్తాత ఆ చర్చికి రాతి మెట్లు వేయించాడు. వేయించి, మన గుళ్ళలో చేసినట్టే, పై మెట్టు మీద తాను సాష్టాంగపడి ఉన్నట్టు బొమ్మ, పక్కన పేరు చెక్కించుకున్నాడు, భక్తుల పాదధూళి తన మీద పడాలని.

ఆదివారం ముగ్గురం జట్కాలో వెళ్ళాం. పూజకు గంట కొట్టే వేళ. మేం వెళ్ళేనాటికి ఉన్న పాదిరి గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. తెలుగు వినగానే ఆయన ముఖం వెలిగింది గాని, సంగతి విన్నాక ఆ వెలుగు కాస్త తగ్గింది.

"మా పుస్తకాల్లో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు రాస్తామండీ. మీ నాయనగారికి వీటిలో ఏదన్నా ఇక్కడ జరిగిందా?"

"శివశివా!" అన్నాడు మా తాత.

"అయితే మెట్టే చూసుకోండి" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మెట్టు ఉంది. బొమ్మా ఉంది. పేరు లేదు. గుళ్ళో అయితే ఒట్టి కాళ్ళతో తొక్కుతారు, అక్షరాలు తరతరాలు నిలుస్తాయి. బూట్లేసుకొని వచ్చే భక్తులను మా ముత్తాత లెక్కలోకి తీసుకోలేదు. చిన్నప్పుడు ఆ పేరు మీద వేలు పెట్టి అక్షరాలు దిద్దుకున్న మా తాత, లోపల పూజ జరుగుతున్నంతసేపూ ఉత్తరీయంతో రాయిని రుద్దీ రుద్దీ చివరికి ఉత్తరీయాన్నే అరగదీశాడు.

"ఇది ఎవురైనా కావచ్చు గదప్పా" అన్నాడు రుజువు మామ.

మా తాత ముఖం చిన్నబోయింది. నా పెళ్ళి నా కళ్ళముందే జట్కా ఎక్కి హిందూపురం పోతున్నట్టు కనిపించింది. అంతలో తాత కళ్ళు బొమ్మ తల మీద నిలిచాయి. "చెవులు చూడు! ఆ చెవులు చూడప్పా!" పక్కకు పొడుచుకొచ్చి, చెవులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

రుజువు మామ వాటిని చూశాడు, నన్ను చూశాడు. "పండుకోమను" అన్నాడు.

పండుకున్నాను. ముత్తాత పక్కన, ముత్తాతలాగే, బోర్లా, చేతులు తల ముందుకు జోడించి. రుజువు మామ గొంతుక్కూర్చొని ఒక చేత్తో రాతి చెవిని, ఇంకో చేత్తో నా చెవిని బెల్లం అచ్చు చూసినట్టు నొక్కి నొక్కి చూస్తుండగా, పూజ ముగిసి తలుపులు తెరుచుకున్నాయి. జనం బిలబిలమంటూ వచ్చారు. బూట్లు నా పక్కనుంచి మర్యాదగా తప్పుకొని పోయాయి. ఎవరో "అయ్యో పాపం, ఏం పాపం చేశాడో" అన్నారు. (బళ్ళో చేసినవి కొన్ని గుర్తుకొచ్చాయి.) నేను లేవబోయాను. "అల్లాడొద్దు, ఎడమది ఇంకా చూడల్ల" అన్నాడు రుజువు మామ.

అప్పుడు ఒక ఒట్టి పాదం తాపీగా నా నడుం మీద ఆనింది.

"ఏమిది, గాజులాయప్ప ఈపొద్దు మెత్తగా ఉండాడు!" అన్నది ఒక ముసలి గొంతు.

రుజువు మామ చెయ్యి నా చెవి మీదే ఆగిపోయింది. "ఎవురవ్వా? ఏమన్నావు, మళ్ళా చెప్పు!"

కళ్ళకు పొరలొచ్చిన అవ్వ, కాలు తియ్యకుండానే చెప్పింది: "గాజులాయప్పనప్పా. ఈ మెట్లు ఇచ్చినోడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆయన మీద అడుగు పెట్టల్ల, అదే ఆయన కోరింది అని మా అవ్వ చెప్పేది. మేమెప్పుడూ తప్పలేదు."

మా తాత ఆమెకు దండం పెట్టబోయి, ఆమెకు కనపడదని గుర్తొచ్చి, వంగి ఆమె పాదాన్నే తాకాడు. ఆ పాదం కింద మనవడున్నాడన్న సంగతి తాతకు గాని, రుజువు మామకు గాని గుర్తు రాలేదు.

జట్కా ఎక్కేటప్పుడు రుజువు మామ గొంతు తగ్గించి, "కుటుంబం సరే. పుట్టబోయే బిడ్డలకు ఈ చెవులు పోవా?" అన్నాడు.

"బూట్లతో తొక్కినా పోలేదప్పా" అన్నాడు మా తాత.

ఇప్పటికీ ఏడాదికొకసారి నేనూ మా ఇంటావిడా ఆ మెట్టు దగ్గరికి వెళ్తాం. ఆమె చెప్పులు విడిచి, మామగారి ఇంటి పెద్దాయన మీద శ్రద్ధగా కాలు మోపుతుంది. రాతి చెవులు కూడా ఇప్పుడు చాలావరకు అరిగాయి. మొన్న వంగి వెతుకుతూ, "కనపడవే, ఇంక రుజువేముండాది?" అన్నాను.

"పండుకోండి, చూస్తా" అన్నది.

పండుకోవచ్చు గాని, లేపడానికి ఇప్పుడు ఇద్దరు కావాలి. ఒక పిల్ల కోసం నిండు చర్చి ముందు బోర్లా పడుకొని, ఎడమ చెవి వంతు కోసం ఎదురు చూసిన ఆ కుర్రవాడు మాత్రం ఆ రాతి మీద, ముత్తాత పక్కన, ఇంకా అలాగే ఉన్నట్టనిపించింది. వాడి మీద కాలు పడకుండా పక్కకు తప్పుకొని దిగాను.