చూడకుండా రాసిన అంకె

ఫోన్‌లో పేకముక్కలు కలిపే చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నా కుడిచేతి బొటనవేలు దానంతటదే కదులుతుంది. మొన్న పటాన్‌చెరులో టీ తాగుతుంటే వెనక బల్ల మీద ఎవరి ఫోన్‌లోనో ఆ చప్పుడు వచ్చింది. గోడమీది టీవీలో ఆన్‌లైన్ జూదం మీద వచ్చిన చట్టం గురించి నలుగురు గట్టిగా వాదించుకుంటున్నారు. నిషేధం తప్పదని ఒకరు, నిషేధిస్తే దొంగదారులు పెరుగుతాయని మరొకరు. టీ సగంలో వదిలేసి బయటికి వచ్చాను. రోడ్డు మీద నిలబడ్డాక యాదగిరి సార్ గుర్తొచ్చారు. ఇక ఆ రోజంతా మనసు ఒకచోట నిలవలేదు.

యాదగిరి సార్ బొల్లారంలో మా మందుల ఫ్యాక్టరీకి షిఫ్ట్ ఇన్‌ఛార్జి. గుమ్మడిదల దగ్గర పల్లె, రైతు కుటుంబం. ఊళ్లో బోరు నీళ్ల రంగు మారాక, "గీ ఫ్యాక్టరీలల్ల ఏం జేస్తున్నరో లోపట్నుంచే చూద్దామని వచ్చిన" అని నవ్వుతూ చెప్పేవారు. అది సగం నిజమే అనుకుంటాను. మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను సార్ కింద రియాక్టర్ ఆపరేటర్‌గా చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. రియాక్టర్ అంటే రసాయనాలు కలిసి ఉడికే పెద్ద స్టీలు పాత్ర. అరగంటకోసారి దాని వేడి ఎంతుందో మీటరులో చూసి కాగితం మీద రాయాలి. మేము రాసిన అంకెను సార్ నమ్మేవారు కాదు. తానే వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకొని మీటరులోకి తొంగిచూసేవారు. మాకది చిరాగ్గా ఉండేది.

ఒక ఏడాది భద్రతా వారోత్సవాల్లో వక్తృత్వ పోటీ పెట్టారు. ఆన్‌లైన్ పేకాట మీద నిషేధం అవసరమా అన్నది విషయం. అవసరమేనని నేను ఆవేశంగా మాట్లాడాను. ఒక్క ఆటేనని కూర్చున్నవాడి చేతిలో కలిపిన అన్నం ఎండిపోతుందని, పక్కన కూర్చున్న మనిషి మాట వాడికి వినబడదని చెప్పాను. చప్పట్లు మోగాయి. మొదటి బహుమతిగా టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. అప్పటికే మన రాష్ట్రంలో అలాంటి యాప్‌ల మీద నిషేధం ఉంది. నేను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే ఇంకో యాప్ వేసుకొని రోజూ ఆడుతున్నాను. బహుమతి తీసుకున్న రోజు కూడా ఆడాను.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో సార్ నా పక్కన కూర్చున్నారు.

"మంచిగ మాట్లాడినవ్ శీనూ. అన్నం ఎండిపోవుడు గిట్ల, ఆడినోడు చెప్పినట్టే ఉండె."

"ఎవరో చెప్తే విన్నానండి."

"ఎవరు?"

"మా వీధిలో ఒకాయన."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశారు. "గా ఆయన్ని జెర పైలం అను" అని కిటికీ వైపు తిరిగారు.

రెండు వారాల తర్వాత, పగటి షిఫ్ట్. మా సెక్షన్‌లోకి ఫోన్ తేకూడదు. గాలిలో రసాయనాల ఆవిరి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. నేను మేజోడులో దాచి తెచ్చేవాణ్ణి. ఆ మధ్యాహ్నం ఒక ద్రావణాన్ని బొట్టుబొట్టుగా రియాక్టర్‌లోకి వదులుతున్నాం. వేడి పెరిగితే వెంటనే ఆపాలి, లేకపోతే రియాక్టరే పేలిపోవచ్చు. బాత్‌రూంలో ఒక్క ఆట ఆడి వద్దామని, రాబోయే రీడింగ్ ముందే రాసిపెట్టి వెళ్లాను. నలభై రెండు అని రాశాను. ఒక్క ఆట మూడయింది.

తిరిగొచ్చేసరికి సార్ రియాక్టర్ దగ్గర నిలబడి ఉన్నారు. మీటరు అరవై ఒకటి చూపిస్తోంది. ద్రావణం ఆపేసి, చల్లనీళ్ల వాల్వు ఆయనే తిప్పారు. ముల్లు కిందికి దిగేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. కింది అంతస్తులో డ్రమ్ములకు చీటీలు అంటించే ఆడవాళ్ల నవ్వులు మెట్ల మీదుగా వినిపిస్తున్నాయి.

సార్ కాగితం నా ముందు పెట్టారు. "ఈ నలభై రెండు ఎవరు చూసిన్రు?"

"ఎవరూ చూడలేదండి."

"దాని మీద ఒక్క గీత గియ్యి. దిద్దకు, కనబడాలె. పక్కన అసలుది రాసి సంతకం పెట్టు. ఇగ ఫోన్ తియ్."

నివేదికలో ఆయన నా పేరు రాశారు, దాని కింద బాధ్యుడిగా తన పేరూ రాసుకున్నారు. నన్ను పదిహేను రోజులు పనిలోంచి పక్కన పెట్టారు. ఇంట్లో నా భార్య లతకు మీటరు చెడిపోయి జరిగిందని చెప్పాను. మళ్లీ పనిలో చేరిన రోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు సార్‌తో వాదన పెట్టుకున్నాను. కోపం ఇంకా చల్లారలేదు.

"నిషేధం ఉన్నా ఆడాను కదండీ. మరి నిషేధం ఎందుకు? నేనేం చిన్నపిల్లాణ్ణా? నా ఫోను, నా ఇష్టం."

"ఫోన్ లోపటికి తేవద్దని రూల్ ఉన్నది. నువ్వు తెచ్చినవ్. గట్లని రూల్ తీసేద్దామా?"

బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

"నీ ఇష్టమంటున్నవ్. కింద ఆడోళ్లున్నరు, వాళ్లనడిగినవా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "రూల్ ఉన్నది గద అని నేను గూడ ఊకున్న. బస్సుల నీ మొఖం చూసినప్పుడే సమజైంది. గప్పుడే గట్టిగ అడగాలె, అడగలే. గందుకే నా పేరు గూడ రాసిన."

ఆ తర్వాత ఆయన రిటైరై ఊరికి వెళ్లిపోయారు. నేను ఆట కొన్నాళ్లు మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను. ఇంతలో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఒక ఉదయం యాప్ తెరిస్తే ఆట లేదు. హాయిగా ఉంటుందనుకున్నాను. అన్నం తింటున్నా, బండి నడుపుతున్నా చెయ్యి ఫోన్ కోసం వెతికేది. కారణం లేకుండా లత మీద అరిచేవాణ్ణి. నాలుగో రోజు ఎవరో పంపిన లింకు పట్టుకొని, ఏ దేశంలోదో తెలియని ఆటలో కూర్చున్నాను.

ఆ ఆదివారం సార్ వాళ్ల ఊరికి వెళ్లాను. సార్ టమాట మొక్కలకు కర్రలు పాతుతున్నారు. చెప్పేశాను. ఆయన పని ఆపలేదు.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి... కాదండి, మూడుసార్లు."

"ఇంట్ల తెలుసా?"

"తెలీదు. అప్పటిది కూడా తెలీదు."

సార్ నడుం నిటారు చేసి నిలబడ్డారు. "సర్కారు దుకాణం మూసింది. నీ చెయ్యికి గది తెల్వది, ఇంక కొన్ని దినాలు కొట్టుకుంటది. మరి నాకెందుకు చెప్తున్నవ్? నేను నీతోని ఉంటనా? ఆ పిల్లకు చెప్పుపో. జల్దీ పో, లేటైతే మళ్ల చెప్పవ్." చాయ్ కూడా తాగనివ్వలేదు.

అదే ఆఖరి చూపు. ఆ చలికాలంలోనే గుండెనొప్పి వచ్చి పోయారు.

ఆ ఆదివారం నేను ఇల్లు చేరేసరికి లత డాబా మీద బట్టలు ఆరేస్తోంది. బండి తాళం చేతిలో ఉండగానే మొత్తం చెప్పేశాను. మీటరు చెడిపోలేదని కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బకెట్‌లోని బట్టలన్నీ అయిపోయేదాకా ఆరేస్తూనే ఉంది. ఆ తర్వాత నా వైపు తిరిగి అడిగింది: "ఇప్పుడు కూడా ఆడాలనిపిస్తోందా?"

లేదనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "అవును" అన్నాను.

ఇప్పటికీ ఆమె అప్పుడప్పుడు అదే అడుగుతుంది. ఒక్కోసారి లేదంటాను, ఒక్కోసారి అవునంటాను. రెండూ నిజమే.