సిక్స్టెన్ చేతిలో రబ్బరు

సంగీతం రాసేవాళ్ళు పెన్సిళ్ళు అరగదీస్తారు. సిక్స్టెన్ లుండ్‌మార్క్ రబ్బర్లు అరగదీస్తాడు. హార్నోసాండ్‌లో పుట్టి, ఆ ఊరి వాద్యబృందానికే ముప్పయ్యేళ్ళుగా సింఫనీలు రాస్తున్న ఈ మహానుభావుడు రాసినదాన్ని చెరపకుండా ఒక్క పూట ఉండలేడు. రాసేటప్పుడు చెరిపితే సరే అనుకోవచ్చు. బృందం వాళ్ళు వాయించడం మొదలెట్టాక కూడా చెరుపుతాడు.

ఆ చెయ్యి సంగీతం దగ్గర ఆగుతుందా? స్నేహితుడి పెళ్ళివిందులో మాట్లాడమంటే నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. సూప్ వచ్చేలోపు ఒక పేజీ చెరిపాడు, చేప వచ్చేలోపు ఇంకో రెండు. తీరా లేచి నిలబడేసరికి మిగిలింది ఒక్క మాట: "తాగండి!" అంత గొప్ప ప్రసంగం ఆ జిల్లాలో ఎవరూ వినలేదని పెళ్ళికూతురి తండ్రి ఇప్పటికీ చెబుతాడు. ఇంకోసారి భార్య రాసిచ్చిన సామాన్ల చీటీని దారిలోనే చెరిపి, ఉల్లిపాయలూ సబ్బూ మాత్రం తెచ్చాడు. మిగతావి ఎక్కువైనట్టు అనిపించాయట.

ఇతనితో వేగలేక చస్తున్నది గున్నెల్. ఎవరెవరు ఏం వాయించాలో రాసి ఉన్న కాగితాలన్నీ భద్రపరిచే ఉద్యోగం ఆమెది. ఇరవై రెండేళ్ళుగా బీరువా తాళంచెవి మెడలోంచి తియ్యలేదు, ఒక్క కాగితం పోనివ్వలేదు. కాగితం మీద ఉన్నదే పోతుంటే మాత్రం ఏం చేస్తుంది? పైగా ఈ రెండేళ్ళుగా అతని జబ్బు ముదిరింది. అందరూ కాఫీకి వెళ్ళిన పావుగంటలో ఆమె గదిలో దూరి, పిన్నుతో బీరువా తాళం తీస్తున్నాడు. కాఫీ వేళకి కాఫీ తాగని మనిషిని ఆ ఊళ్ళో కన్నతల్లి కూడా అనుమానిస్తుంది.

"దొరికావు! ఏం చేస్తున్నావిక్కడ?"

"కిటికీ వేద్దామని వచ్చాను గున్నెల్."

"ఈ గదికి కిటికీ లేదు. చొక్కా చేతినిండా ఆ తెల్లటి పొట్టేమిటి?"

"మంచేమో."

"మే నెలలోనా?"

కాఫీ బల్ల దగ్గర అందరిదీ ఒకటే గోల. "నా కాగితంలో ఒక స్వరం చెరిపాడు. చెరిపి, మళ్ళీ అదే స్వరం అక్కడే రాశాడు! ఇదేం పిచ్చే తల్లీ?" అంది చెల్లో వాయించే ఇంగెగెర్డ్.

"నాదీ అంతే!" అన్నారు నలుగురైదుగురు.

"మేధావి కదా, పోనీండి," అన్నాడు కొమ్ముబూర ఊదే హిల్డింగ్, దాల్చినచెక్క బన్ను కాఫీలో నానబెట్టుకుంటూ. రెండేళ్ళ కిందట మంచు మీద జారిపడి ముందుపళ్ళు కట్టించుకున్నప్పటి నుంచీ అతను ఏదైనా నానబెట్టుకునే తింటాడు.

ఇంతలో ఒక కచేరీని దేశమంతటికీ వినిపిస్తామని రేడియో వాళ్ళు కబురు పెట్టారు. బృందం మేనేజరు పెర్నిల్లా గున్నెల్‌ని పిలిచింది. "అన్నీ మొదట ఎలా రాసి ఉన్నాయో అలాగే సిరాతో దిద్దెయ్. వచ్చే ఏడాది ఎవరు ఉండాలో ఎవరు పోవాలో ఆ రోజు వాయించినదాన్ని బట్టే తేలుస్తాను."

గున్నెల్‌కి పండగే. ముందుచూపుతో దాచుకున్న అసలు ప్రతులు పక్కన పెట్టుకుని కూర్చుంది. ముప్పయి మంది కాగితాలు దిద్దింది. చెరిపిన చోటల్లా తిరిగి అదే స్వరం. ఒక్కటంటే ఒక్కటి మారలేదు. తిట్టుకుంటూనే హిల్డింగ్ కాగితం తీసింది.

అందులో మాత్రం చెరిపినవి తిరిగి రాయలేదు. మొత్తం నలభై ఏడు. అన్నీ పైస్థాయి స్వరాలే, బూరని పళ్ళకేసి గట్టిగా నొక్కితే గాని పలకనివి.

ఆమె కలం ఆగిపోయింది. పింఛనుకి ఒక్క ఏడాది దూరంలో ఉన్నాడు హిల్డింగ్. ఇవి దిద్దితే దేశమంతా వింటుండగా అతని బూర కీచుమంటుంది, కుర్చీ పోతుంది. అందుకేనన్నమాట ఈ మనిషి అందరివీ చెరిపి మళ్ళీ రాసింది! ఆ నలభై ఏడూ ఎవరి కంటా పడకూడదని. గున్నెల్‌కి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. రెండేళ్ళు కాఫీ మానుకునే బదులు తనతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!

చివరి పేజీ తిప్పింది. ఆఖరి వరసలో ఒక పైస్వరం ఇంకా అలాగే ఉంది. సిక్స్టెన్ చూసుకోలేదు. గున్నెల్ సొరుగంతా వెతికి రబ్బరు తీసింది.

కచేరీ నాడు పెర్నిల్లా వచ్చి, హిల్డింగ్ వెనక నిలబడి కాగితాలు తిరగేసింది. "ఇదేమిటి, ఇన్ని ఖాళీలు?"

"ఇంకెవరి పని!" గున్నెల్ హాలు దద్దరిల్లేలా అరిచింది. "ఓయ్ సిక్స్టెన్! నీ చెయ్యి పడిపోను! నేను దిద్దేలోపే మళ్ళీ చెరిపావా? చివరి పేజీ కూడా వదల్లేదే!"

"చివరి పేజీయా?" సిక్స్టెన్ పరుగున వచ్చాడు. ఆ ఖాళీని చూశాడు. తర్వాత గున్నెల్ చొక్కా చేతికి అంటుకున్న తెల్లటి పొట్టుని చూశాడు. "అవును, నేనే. చెయ్యి ఆగలేదు," అని తల వంచుకున్నాడు.

"రేడియో వాళ్ళు వచ్చేశారు. ఇక ఉన్నదే ఊది ఏడవండి," అంది పెర్నిల్లా. హిల్డింగ్ ఉన్నది ఉన్నట్టు, ఎక్కడా తొణక్కుండా ఊదాడు. కుర్చీ నిలిచింది.

మర్నాడు రెండేళ్ళ తర్వాత మొదటిసారి సిక్స్టెన్ కాఫీ బల్ల దగ్గరకొచ్చి కూర్చున్నాడు. హిల్డింగ్ గున్నెల్ వైపు వంగి, బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినపడే రహస్యం చెప్పాడు. "పాపం, వీడికి వయసు మీద పడింది. పైస్వరాలు రాయడమే మర్చిపోయాడు. నాకైతే ఊదుతుంటే నిద్రొస్తోందనుకో."

"పెద్దమనసు చేసుకుని నువ్వే సర్దుకోవాలి మరి," అంటూ గున్నెల్ సిక్స్టెన్ కప్పు నిండా కాఫీ పోసి, సాసర్ పక్కన బీరువా తాళంచెవి పెట్టింది.